ఆన్‌లైన్‌లో పాత క్యాంపర్ వ్యాన్ కొంటున్నారా? బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర మోటార్‌హోమ్ అంటే ఎక్కువగా ఫోర్స్ ట్రావెలర్, అర్బేనియా, టాటా వింగర్ లాంటి వ్యాన్లలో మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు బిగించినవే. పాతవి అమ్మకానికి వచ్చేదే తక్కువ. కొనాలనుకునేవాళ్లేమో రోజురోజుకీ పెరుగుతున్నారు. మోసగాళ్లకు కావలసింది ఈ కొరతే. ఎక్కడ జాగ్రత్త పడాలో, ఏ కాగితం ఎందుకు చూడాలో కింద ఉంది.

ఫోన్ చేయకముందే, ఫొటోలు చూసి దొంగ ప్రకటనను గుర్తుపట్టొచ్చా?

చాలాసార్లు గుర్తుపట్టొచ్చు. ముందు పక్క తలుపు ఎటువైపు ఉందో చూడండి. మన దేశంలో బళ్లు రోడ్డుకి ఎడమపక్క నడుస్తాయి కాబట్టి మనుషులు ఎక్కే తలుపు ఎడమవైపు, స్టీరింగ్ కుడివైపు ఉంటాయి. తలుపు కుడివైపు ఉంటే ఆ ఫొటో యూరప్‌దో అమెరికాదో అయ్యుంటుంది. ఈ సంగతి తెలిసిన మోసగాడు ఫొటోను అద్దంలో బింబంలా తిప్పి పెడతాడు. అప్పుడు స్టవ్ మీది అంకెలు, టైరు మీది అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. జూమ్ చేసి చూస్తే దొరికిపోతుంది.

తర్వాత లోపలి ప్లగ్ పాయింట్లు చూడండి. మనవి గుండ్రటి మూడు రంధ్రాల సాకెట్లు. చదునైన పిన్నుల సాకెట్లు మాత్రమే కనిపిస్తే ఆ ఫొటో పరాయి దేశానిది. అన్ని ఫొటోల్లో కర్టెన్ల రంగు, సీటు కవరు, టైర్ల అరుగుదల ఒకేలా ఉన్నాయో లేదో కూడా పోల్చండి. మూడు వేర్వేరు బళ్ల ఫొటోలు ఒకే ప్రకటనలో పెట్టేవాళ్లు ఉన్నారు. చివరగా ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వేసి వెతకండి. అదే వ్యాన్ పుణేలో ఒక ధరకి, కొచ్చిలో మరో ధరకి కనిపిస్తే అక్కడితో వదిలేయండి. వెతికితే ఏమీ దొరకలేదని మాత్రం నమ్మేయకండి. అసలు ఓనర్ వాట్సాప్‌లో పంపిన ఫొటోలనే మోసగాడు మీకు ఫార్వర్డ్ చేస్తుంటే లెన్స్‌కి అవి దొరకవు.

ధర ఎంత తక్కువుంటే అనుమానించాలి?

ఇంత శాతమని లెక్క లేదు, కానీ ఒక పద్ధతి ఉంది. అదే మోడల్, అదే సంవత్సరం వ్యాన్, లోపల ఏ మార్పూ చేయనిది, బెంగళూరులో ఎంతకి పోతోందో నాలుగు చోట్ల చూడండి. మంచం, లిథియం బ్యాటరీ, సోలార్, ఏసీ, టాయిలెట్ అన్నీ బిగించిన బండి ఆ ఖాళీ వ్యాన్ కన్నా చౌకగా వస్తోందంటే అది ఎర. కొత్త అర్బేనియా ఖాళీ వ్యానే ముప్పై లక్షల చుట్టుపక్కల ఉంటే, రెండేళ్లు వాడిన అర్బేనియా క్యాంపర్‌ని ఆరున్నర లక్షలకి ఎవరిస్తారు?

చౌకగా ఇచ్చే నిజమైన ఓనర్లూ ఉంటారు. అలాంటి బండికి చాలావరకు కాగితాల దగ్గర ఏదో ఇబ్బంది ఉంటుంది. ఆ సంగతి ఇంకాస్త కిందికి వెళ్తే వస్తుంది.

అమ్మేవాడు ఆర్మీలో ఉన్నానంటున్నాడు, ఐడీ కార్డు కూడా పంపాడు. నమ్మొచ్చా?

వద్దు. ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న కథ ఇది, బెంగళూరులో దీనికి ఎయిర్‌పోర్ట్ హంగు, అక్కడ కాపలా కాసే కేంద్ర బలగం సీఐఎస్‌ఎఫ్ పేరు కూడా తోడయ్యాయి. “నేను సీఐఎస్‌ఎఫ్‌లో ఉన్నాను, దేవనహళ్లి నుంచి జమ్మూకి ట్రాన్స్‌ఫర్ అయింది, బండి ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లోనే ఉంది, అందుకే తక్కువకి ఇస్తున్నాను సార్” అంటాడు. ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, యూనిఫాం ఫొటో వరసగా పంపిస్తాడు. ఆ కార్డులు ఎవరో అసలు జవానువే. ఇంతకుముందు ఏదో కొనుగోలులో ఆయన నమ్మి పంపుకున్నవి ఇప్పుడు మీ దాకా వచ్చాయి.

ఆ తర్వాత కథ ఇలా నడుస్తుంది. బండి చూడడానికి వస్తామంటే “లోపలికి సివిలియన్లకి పర్మిషన్ లేదు, ఆర్మీ ట్రాన్స్‌పోర్ట్‌లో మీ ఇంటికే పంపిస్తా, నచ్చితేనే డబ్బులివ్వండి” అంటాడు. ఉదారంగా వినిపించే ఆ మాటలోనే మెలిక ఉంది. గేట్ పాస్‌కి మూడు వేలో ఐదు వేలో అడుగుతాడు. కట్టగానే మీ పేరు, బండి నంబరు వేసిన రసీదు వస్తుంది. మర్నాడు “డ్రైవర్” ఫోన్ చేసి, హోసకోటె దాటాను, ఇన్సూరెన్స్ డిపాజిట్ కట్టాలి, డెలివరీ అయ్యాక తిరిగి వస్తుంది అంటాడు. ఆ తర్వాత జీఎస్‌టీ, జీపీఎస్ చార్జీ, ఆలస్యమైనందుకు జరిమానా. ప్రతిసారీ ముందు కట్టింది పోతుందేమోనన్న భయమే మీ చేత తర్వాతది కట్టిస్తుంది. సైన్యం ఎవరి సొంత బండినీ కొన్నవాళ్ల ఇంటికి చేర్చి, మధ్యలో యూపీఐలో చార్జీలు వసూలు చేయదు.

ఆర్మీ బదులు డాక్టరో, అమెరికా వెళ్లిపోతున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరో కావొచ్చు. వేషం ఏదైనా బండి చూపించడు, డబ్బు మాత్రం ముందే అడుగుతాడు.

“మీకే డబ్బు వెనక్కి పంపిస్తున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి” అన్నాడు. చేయొచ్చా?

చేయకండి. డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి డబ్బు పోతోందనే అర్థం.

అతను తెలుగువాడే, మాది పక్కపక్క ఊళ్లే. అయినా ఇంత అనుమానమా?

మీ ఫేస్‌బుక్ ప్రొఫైల్లో మీ ఊరి పేరు ఉంటే మోసగాడికీ అది కనిపిస్తుంది. “అన్నా, మాది హిందూపురమే, మీకు కాబట్టి ఈ రేటు” అని మొదలయ్యే సంభాషణలో ఊరు నిజమో కాదో తేల్చుకోవడం మీకు కష్టం. ఆర్‌సీలో పేరు తేల్చుకోవడం తేలిక. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో పనిచేసే తెలుగువాళ్లకు కన్నడంలో బేరమాడాలంటే కొంచెం జంకు. తెలుగు వినిపించగానే సగం భయం పోతుంది. ఆ సంగతి అవతలివాడికి బాగా తెలుసు.

బండి నంబరు ఇచ్చాడు. దానితో ఏమేం చూడాలి?

ముందు కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్లో గానీ ప్లే స్టోర్ నుంచి దింపిన ఎంపరివాహన్ యాప్‌లో గానీ నంబరు కొట్టండి. అక్కడ కనిపించే ప్రతి గడికీ ఒక అర్థం ఉంది.

ఓనర్ పేరు పూర్తిగా కనిపించదు, మధ్యమధ్య చుక్కలుంటాయి. కనిపించే అక్షరాలను అమ్మేవాడు పంపిన ఆధార్‌లోని పేరుతో పోల్చండి. వాహన తరగతి అన్న చోట మోటార్ కారవాన్ అనో క్యాంపర్ వ్యాన్ అనో ఉండాలి. ఓమ్నీ బస్ అనో మ్యాక్సీ క్యాబ్ అనో (మనుషుల్ని తిప్పే మామూలు వ్యాన్ల తరగతులు) ఉంటే దాని గురించి కింద విడిగా రాశాం. ఫైనాన్సర్ అన్న గడిలో బ్యాంకు పేరుంటే లోన్ ఇంకా ఉన్నట్టు, లేదా తీర్చేసినా ఆర్‌సీలోంచి తీయించనట్టు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీలు చూడండి. ఆర్‌సీ స్టేటస్ యాక్టివ్ అని లేకపోయినా, బ్లాక్‌లిస్ట్ గడిలో ఏదైనా ఉన్నా, కారణం కాగితం మీద చూసేదాకా ముందుకెళ్లొద్దు.

ఆ తర్వాత ఈ-చలాన్ పేజీలో అదే నంబరుకి ఉన్న జరిమానాలు చూడండి. ఇవి డబ్బు లెక్క కోసమే కాదు. బండి జైపూర్‌లో ఉందని చెబుతున్నవాడి వ్యాన్‌కి పోయిన వారం బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర చలాన్ పడి ఉంటే, నంబరు వేరే ఎవరిదో అన్నమాట.

అతను పంపిన ఆర్‌సీ ఫొటోని మాత్రం ఎప్పుడూ ఆధారంగా తీసుకోకండి. ఫొటోలో పేరు మార్చడం ఐదు నిమిషాల పని.

ఆన్‌లైన్ వివరాలన్నీ సరిపోయాయి. ఇక భయం లేనట్టేనా?

నంబరు నిజమైనదే కావొచ్చు, బండి వేరేది కావొచ్చు. అదే రంగు, అదే మోడల్ బండి నంబరును దొంగ బండికి తగిలిస్తారు. దీన్ని పట్టించేది ఛాసిస్ నంబరు. పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. అందులో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ ఉండవు. మన దేశంలో తయారైన బళ్లవి ఎం అక్షరంతో మొదలవుతాయి. ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు, కంపెనీ ప్లేటు మీది నంబరు, ఆర్‌సీలో నంబరు, ఇన్సూరెన్స్ పాలసీలో నంబరు నాలుగూ ఒకటే కావాలి. ఫ్రేమ్ మీద ఆ చోటు మాత్రమే కొత్తగా గీకి పెయింట్ వేసినట్టున్నా, అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా వెనక్కి రండి. నంబర్ ప్లేటు కూడా చూడండి. హైసెక్యూరిటీ ప్లేటు మీద అశోక చక్రం హాలోగ్రామ్, ఎడమవైపు కింద లేజర్‌తో చెక్కిన సీరియల్ నంబరు ఉంటాయి. ముందు ప్లేటు సీరియల్, వెనక ప్లేటు సీరియల్ వేర్వేరుగా ఉంటాయి. అది మామూలే, కంగారు పడక్కర్లేదు.

బండి కళ్లారా చూశాం, నడిపాం కూడా. ఇంకేం మోసం జరుగుతుంది?

క్యాంపర్ వ్యాన్లు అద్దెకి దొరుకుతాయి. రెండు రోజులకి అద్దెకి తీసుకుని, సొంత బండిలా చూపించి, నలుగురి దగ్గర అడ్వాన్స్ పట్టుకుని పోవడానికి ఎవరికీ పెద్ద తెలివి అక్కర్లేదు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండి. తెల్ల ప్లేటున్నా సరే, లోపల జీపీఎస్ ట్రాకర్ స్టిక్కరు, సామాన్ల జాబితా అంటించిన కాగితం, “దయచేసి టాయిలెట్‌లో టిష్యూ వేయకండి” లాంటి బోర్డులు ఉన్నాయా చూడండి. సొంత ఇంట్లో ఎవరూ బోర్డులు పెట్టుకోరు.

బండిని ఓనర్ ఇంటి దగ్గరే, ఆర్‌సీలో ఉన్న చిరునామాలోనే చూడాలని పట్టుబట్టండి. రింగ్ రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర కలుద్దామంటే ఒప్పుకోవద్దు.

ఆర్‌సీలో ఓమ్నీ బస్ అని ఉంది, లోపల మాత్రం మంచాలున్నాయి. ఇది మోసమా?

అన్నిసార్లూ కాదు. కానీ కొన్నవాళ్లకు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అందుకే దీన్ని కొంచెం విడమర్చాలి.

మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. క్యాంపర్‌గా తయారైన బళ్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం పొంది మోటార్ కారవాన్‌గా రిజిస్టరైన బండి ఒక రకం. పీణ్యలోనో జిగణిలోనో ఒక షెడ్డులో సీట్లు పీకేసి ప్లైవుడ్ మంచం బిగించింది ఇంకో రకం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండో రకం బండిలో పదమూడు సీట్లని ఆర్‌సీ చెబుతుంటే లోపల నాలుగే ఉంటాయి. ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆపేస్తాడు. ప్రమాదం జరిగితే, చెప్పకుండా మార్పులు చేశారని ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చొచ్చు. గ్యాస్ సిలిండర్ కూడా లోపలే ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అమ్మేవాడు “అందరూ ఇలాగే తిప్పుతున్నారు సార్, ఎవరూ అడగరు” అంటాడు. ఆ మాట నిజమే కావొచ్చు. అడిగిన రోజున మాత్రం బండి మీ పేరు మీద ఉంటుంది. అందుకే మార్పు ఆర్‌సీలో ఎక్కిందా అని అడగండి, ఎక్కితే ఆ ఆర్‌సీ చూపించమనండి. ఎక్కకపోతే దాన్ని క్యాంపర్‌గా కాకుండా ఖాళీ వ్యాన్ ధరకే బేరమాడండి, లేదా వదిలేయండి. “మీ పేరు మీదకి మారాక ఆర్టీఓలో నేనే చేయించి ఇస్తా, ముప్పై వేలు ముందివ్వండి” అనే మాట మోసం కిందే లెక్క.

దూరంగా ఉన్న బండి. వీడియో కాల్‌లో ఏం చూపించమనాలి?

రికార్డు చేసిన వీడియో ఒప్పుకోవద్దు. లైవ్ కాల్‌లో, మధ్యలో కట్ చేయకుండా, మీరు చెప్పిన వరసలో చూపించాలి. ముందు నంబర్ ప్లేటు, అక్కడి నుంచి కెమెరా ఆపకుండా ఛాసిస్ నంబరు, తర్వాత డోర్ తీసి ఇగ్నిషన్ ఆన్ చేసి కిలోమీటర్ల రీడింగ్. మధ్యలో అకస్మాత్తుగా “ఎడమ వైపర్ ఎత్తి పట్టుకోండి” అనండి. బండి దగ్గర లేనివాడు సిగ్నల్ పోయిందంటాడు.

తర్వాత బండి లోపలి ఇల్లు. కుళాయి తిప్పి పంపు శబ్దం వినిపించమనండి. కుళాయి కట్టేశాక కూడా పంపు ఆగి ఆగి కొట్టుకుంటుంటే ఎక్కడో లీకేజీ. ఏసీ రూఫ్ మీద బిగించిన చోట, కిటికీ మూలల్లో, మంచం కింద ప్లైవుడ్‌ని వేలితో నొక్కమనండి. మెత్తగా దిగితే వాన నీరు చాలాకాలంగా దిగుతోంది. ఫోన్‌లో నొక్కడు అనుకుంటే, స్వయంగా వెళ్లినప్పుడు మొదటి పని ఇదే చేయండి.

బ్యాటరీ గురించి చెప్పే గొప్పలను లెక్కతో కొలవొచ్చు. “రాత్రంతా ఏసీ నడుస్తుంది” అంటే, బ్యాటరీ ఎంత అని అడగండి. 12.8 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీలో 2,560 వాట్ అవర్లు, అంటే రెండున్నర యూనిట్లు ఉంటాయి. ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే 2,300 దాకా మిగులుతుంది. వెయ్యి వాట్లు లాగే ఏసీ దాని మీద ఆగకుండా నడిస్తే రెండు గంటలు, కొంచెం పైన. పైకప్పు మీది 400 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండ ఉన్న రోజున ఇచ్చేది ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు. ఈ లెక్క చెప్పగానే మాట మార్చేవాడు బండి వాడినవాడు కాదు. ఛార్జర్లు, సోలార్ రెండూ తీసేసి కాసేపు ఆగాక మల్టీమీటర్ పెట్టిస్తే, నిండుగా ఛార్జైన లిథియం బ్యాటరీ 13.3 వోల్టుల దగ్గర, మామూలు లెడ్ బ్యాటరీ 12.7 దగ్గర ఆగుతుంది. లిథియం అని చెప్పి లెడ్ బ్యాటరీ పెట్టారేమో తెలుసుకోవడానికి ఇదొక గుర్తు. అన్నిటికన్నా బ్యాటరీ పెట్టె మూత తీసి లేబుల్ చూడడం మేలు.

టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరేవాళ్లకి పోతుందంటున్నాడు. ఎంత ఇవ్వొచ్చు?

బండి, మనిషి, అసలు ఆర్‌సీ మూడూ ఒకేచోట కళ్లారా చూడకముందు సున్నా. పోతే పోనివ్వండి.

చూశాక ఇచ్చేటప్పుడు ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాలోకే బ్యాంకు ద్వారా పంపండి. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో కూడా పంపేముందు ఖాతాదారు పేరు కనిపించే సదుపాయం వచ్చింది. ఆ పేరు ఆర్‌సీ పేరుతో కలవకపోతే బటన్ నొక్కకండి. “మా తమ్ముడి ఖాతా, నాది లిమిట్ అయిపోయింది” అన్నా సరే. నగదు వద్దు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పైగా మీ దగ్గర ఏ రుజువూ మిగలదు.

అడ్వాన్స్ రసీదులో బండి నంబరు, ఛాసిస్ నంబరు, మొత్తం ధర, అడ్వాన్స్, మిగతాది ఏ రోజు ఇస్తారో, కాగితాలు తేడా వస్తే ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో రాయించండి. మిగతా డబ్బు, బండిని మీ పేరు మీదకి మార్చే ఫారం 29, ఫారం 30 మీద ఓనర్ మీ ముందు సంతకం చేశాకే.

అమ్మేవాడు ఓనర్ కాదు, మధ్యవర్తి. ఓనర్ సంతకాలు ముందే చేసిన ఫారాలు తన దగ్గరున్నాయట.

ఓపెన్ ఫారాలంటారు వీటిని. ఓనర్ ఎప్పుడో ఎవరికో అమ్మి, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇస్తే, అవి మూడు చేతులు మారాయి. సంతకం సరిపోకపోయినా, ఆర్టీఓ ఓనర్‌కి ఓటీపీ పంపినా, ఆయన దొరకడు. ఓనర్‌తో నేరుగా మాట్లాడకుండా వీటి మీద డబ్బు పెట్టకండి. డీలరైతే 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్టరింగ్ అథారిటీ ఇచ్చిన అధికార పత్రం, ఫారం 29బి, ఉండాలి. అది చూపించమనండి.

బండి మీద లోన్ ఉంది, అడ్వాన్స్‌తో తీర్చేస్తానంటున్నాడు.

అడ్వాన్స్ అతని చేతికివ్వకండి. ఇద్దరూ కలిసి బ్యాంకు బ్రాంచికి వెళ్లి ఎంత మిగిలిందో లెటర్ తీసుకుని, ఆ మొత్తం నేరుగా లోన్ ఖాతాలో కట్టండి. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), లోన్ తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 రెండు కాపీలు చేతికొచ్చాక, ఆర్‌సీలో హెచ్‌పీ, అంటే లోన్ నమోదు, క్యాన్సిల్ అయ్యాక మిగతా డబ్బు.

ఏపీ, తెలంగాణ, ఢిల్లీ బళ్లు చౌకగా వస్తున్నాయి. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ లెక్క వేసుకుని. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి. కర్ణాటకలో పన్నెండు నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. కర్ణాటక పన్ను తక్కువేమీ కాదు, చౌకలో మిగిలింది అక్కడే పోవచ్చు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలుంటాయి కాబట్టి దక్షిణాదికి తోలేస్తారు. ఎన్‌ఓసీ వచ్చిందా, ఆర్‌సీ ఇంకా బతికే ఉందా చూడకుండా కొంటే మిగిలేది ఇనుము.

వరదలో మునిగిన బండిని ఎలా పట్టాలి?

చెన్నైలో 2015, 2023 డిసెంబర్ వరదలు, బెంగళూరులో 2022 సెప్టెంబర్ ముంపు తర్వాత అలాంటి బళ్లు మార్కెట్‌లోకి వచ్చాయి. సీట్ బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది. సీటు కింద ఇనుప పట్టాలు తుప్పు పట్టి, పైన కవర్లు మాత్రం కొత్తగా ఉన్నాయా? ఫ్యూజ్ పెట్టెలో తెల్లటి పొడి ఉందా? ఇన్సూరెన్స్ కంపెనీకి పాలసీ నంబరు ఇచ్చి పాత క్లెయిమ్‌లు ఓనర్ చేత అడిగించండి.

వాట్సాప్‌లో “ఆర్‌టీఓ చలాన్” అనో “బండి వివరాలు” అనో ఏపీకే ఫైల్ వచ్చింది.

తెరవకండి, వెంటనే డిలీట్ చేయండి. ఏపీకే అంటే యాప్. ఇన్‌స్టాల్ చేస్తే మీకొచ్చే ఓటీపీలు వాడికి పోతాయి. పొరపాటున చేసేసి ఉంటే డేటా, వైఫై ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి ఖాతా నిలిపేయించండి. ఆ తర్వాతే ఫోన్ శుభ్రం చేసే పని.

డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతా నుంచి ఖాతాకి మారిపోతుంది. తొందరగా చెబితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. లావాదేవీ నంబరు, తేదీ, సమయం, మొత్తం, అవతలి ఖాతా లేదా యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మీరే ఫిర్యాదు నమోదు చేయండి. అదే రోజు బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి. చాట్ డిలీట్ చేయకండి, బ్లాక్ కూడా వెంటనే చేయకండి. ముందు స్క్రీన్‌షాట్లు, ప్రకటన లింకు, అతని ప్రొఫైల్ పేజీ దాచుకోండి. ఆ తర్వాత దగ్గర్లోని పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

పిన్ కొట్టి మీరే పంపిన డబ్బుకి బ్యాంకు తనంతట తాను బాధ్యత తీసుకోదు. అందుకే మొదటి గంట అంత విలువైనది. ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకి “సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, రిలీజ్ ఫీజు రెండు వేలు కట్టండి” అని ఫోన్ రావొచ్చు. అది అదే ముఠా, అదే జాబితాలోంచి మీ నంబరు తీసి చేసే రెండో ఫోన్. ఆ నంబరు కూడా 1930కి చెప్పండి.